ఇంత పల్లంలో షెడ్డు కట్టిన తెలివైనవాడెవరు?

ఉద్యోగంలో చేరిన నలభయ్యో రోజున, నలుగురూ చూస్తుండగా, నా గొయ్యి నేనే ఎంత శ్రద్ధగా తవ్వుకున్నానో చెబుతాను. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. అప్పట్లో మిల్లులో నవ్వనివాణ్ణి నేనొక్కణ్ణే.

మండపేటలో ఒక రైసు మిల్లు. యజమాని సత్యనారాయణ గారు, ఎంబీయే చదివానన్న ఒకే ఒక్క కారణంతో, నన్ను మేనేజరుగా పెట్టుకున్నారు. నాకప్పుడు పాతికేళ్ళు. ధాన్యానికీ ఊకకీ తేడా తెలుసుగానీ, మనిషికీ మనిషికీ తేడా తెలీదు. ఆయనే పంపితే రాజమండ్రిలో ఒక హోటల్లో రెండు రోజుల నాయకత్వ శిక్షణకి వెళ్ళొచ్చాను. అక్కడ టై కట్టుకున్న ఒకాయన, బాసు పొరబడుతుంటే ధైర్యంగా ప్రశ్నించేవాడే రేపటి నాయకుడని చెప్పారు. ఎలా ప్రశ్నించాలో కూడా భోజనాలయ్యాక చెప్పారట. బిర్యానీ మరీ బాగుండటం వల్ల ఆ భాగంలో నేను నిద్రపోయాను.

అవి దాళ్వా పంట, అంటే వేసవిలో కోసే రెండో పంట, వచ్చే రోజులు. మిల్లు గోడౌన్లు నిండిపోయాయి. ఇంకా రావలసిన ధాన్యాన్ని కాలవగట్టు పక్కనున్న పాత షెడ్డులో వేద్దామని సత్యనారాయణ గారు అనుకున్నారు. నేను వెళ్ళి చూశాను. కాలవలకి నీళ్ళు కట్టేసిన రోజులు కాబట్టి షెడ్డు అప్పడంలా ఎండి ఉంది. గోడల మీద మాత్రం మోకాలెత్తున నీటి చార. కాలవ నిండితే బస్తాల్లోనే ధాన్యం మొలకెత్తుతుంది. మమ్మల్ని నమ్మి రైతులు తోలిన ధాన్యం అది. అంటే, గమనించండి, న్యాయం నా వైపే ఉంది. మనిషికి నోరు అదుపు తప్పేది సరిగ్గా అప్పుడే.

సోమవారం ఆఫీసు గదిలో సమావేశం. సత్యనారాయణ గారు, గోడౌన్లు చూసుకునే రత్నకుమారి గారు, మూల కుర్చీలో తెల్ల పంచె కట్టుకున్న ఒక పెద్దాయన. తవుడు కోసం వచ్చిన రైతేమో అనుకున్నాను. పదకొండు స్లైడ్లు మొదలుపెట్టాను. నాలుగోదానికి సత్యనారాయణ గారు పెదవులు బిగించారు. దాన్ని నేను ఏకాగ్రత అనుకున్నాను. నీటి చార ఫొటో రాగానే ఊపు ఆపుకోలేకపోయాను.

"అసలు ఇంత పల్లంలో షెడ్డు కట్టిన తెలివైనవాడెవరో గానీ, ఆయన్నొకసారి చూడాలండి."

రత్నకుమారి గారి చూపు మూల కుర్చీ వైపు మళ్ళింది.

మూల కుర్చీలోని పెద్దాయన నెమ్మదిగా, "చూడు బాబూ. ఇక్కడే ఉన్నాను గదా," అన్నారు.

ఆయన పేరు బుల్లెబ్బాయి గారు. డెబ్భై దాటినా పేరు అదే. సత్యనారాయణ గారికి పిల్లనిచ్చిన మామగారు. దగ్గరుండి కట్టించుకున్న షెడ్డుని అల్లుడికి ప్రేమగా వాడుకోమని ఇచ్చారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. నేను తొక్కిన అడుసుకి కాలు కడిగితే చాలదు, తలంటు పోయాలి.

సత్యనారాయణ గారు గొంతు పెంచలేదు. ధాన్యం ఆ షెడ్డులోనే వేస్తున్నామనీ, రేపట్నించే మొదలనీ చెప్పారు. అంతవరకూ ఆయనకి కాస్తో కూస్తో అనుమానం ఉండేదేమో. పొరపాటుని సరిచేద్దామని వెళ్ళి దానికి సిమెంటు పూసిన ఘనత నాది.

అప్పుడు రత్నకుమారి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇరవయ్యేళ్ళుగా ఆ మిల్లులో పనిచేస్తున్న మనిషి. ఆదివారాలు చర్చిలో పాటలకి ముందుండే ఆవిడ గొంతు, మిల్లులో మేం వినడమే అరుదు. మెల్లగా పెద్దాయన వైపు తిరిగారు.

"పెద్దయ్య గారండీ, ఆ షెడ్డు సంగతి మీకు తెలిసినట్టు మాకెవరికీ తెలీదండి. వానాకాలం మీ ధాన్యం అందులో ఎటువైపు వేయించేవారండి? మేమూ అటే వేయిస్తాం."

బుల్లెబ్బాయి గారు నిటారుగా కూర్చున్నారు. "వానాకాలం అందులో ఎవరేస్తారమ్మా? శ్రావణం రాకముందే అంతా మా మేడ మీదికి ఎక్కించేసేవాణ్ణి. అది ఎండాకాలం షెడ్డు."

అనేశాక ఆయనే ఆగారు. అల్లుడి వైపు తిరిగి, "మీరు ఎన్నాళ్ళుంచుదామనుకుంటున్నారండి అల్లుడుగారూ?" అన్నారు.

దీపావళి దాకా అన్నారు సత్యనారాయణ గారు. అయితే వద్దనీ, తన ఊళ్ళో గోడౌను ఒకటి ఖాళీగానే ఉందనీ, ధాన్యం అక్కడికి తోలించమనీ పెద్దాయనే తేల్చేశారు.

రెండు నిమిషాలు పట్టలేదు. ఎవరూ ఓడిపోలేదు. నాది తప్ప ఎవరి ముఖమూ చిన్నబోలేదు. పోలవరం దగ్గర గోదావరికి అడ్డంగా లేచిన గోడని చూసినప్పుడు కూడా నేనంత నివ్వెరపోలేదు. ఆ గోడకి ఎన్ని యంత్రాలో. ఈవిడకి ఒక కళ్ళజోడు తుడిచే గుడ్డ.

సాయంత్రం ఆవిడ బల్ల దగ్గరికెళ్ళి, షెడ్డు మునుగుతుందని మీకు ముందే తెలుసా అని అడిగాను. తెలుసన్నారు. మరి చెప్పలేదేమంటే, "నేను చెబితే వాదనవుద్ది బాబూ. ఆయన చెబితే పనవుద్ది," అని బస్తాల చీటీలు సర్దుకున్నారు.

మర్నాడు పొద్దున్నే సత్యనారాయణ గారు పిలిపించారు. ఫోనులో రాజీనామా టైపు చేసుకుని మరీ వెళ్ళాను.

"షెడ్డు గురించి నువ్వన్నది కరెక్టే. ఇకముందు కూడా నేను పొరబడితే అడ్డు చెప్పు. చెప్పకపోతేనే తీసేస్తాను," అన్నారాయన. నేను ఊపిరి పీల్చుకునేలోగా, "కాకపోతే నోరు తెరిచేముందు, గదిలో ఎవరెవరున్నారో రత్నకుమారి గారినడిగి తెరువు," అని ముగించారు.

కనుక గోదావరి తల్లి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. బాసుకి అడ్డు చెప్పడం మానను. కానీ పక్కనున్న పెద్దమనిషి ఎవరి మామగారో తేలేదాకా, ఈ జన్మలో ఏ కట్టడాన్నీ, ఆఖరికి కోళ్ళగూడునైనా, పల్లంలో ఉందని అనను.