తీసేసిన బోర్డు దగ్గర కూత

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. ఇది రాయడం పూర్తయ్యాక కూడా నమ్మను. ఇలాంటి అనుభవాలు రాసేవాళ్లు "నేనూ నమ్మేవాణ్ని కాదు" అని మొదలుపెట్టి చివరికి ఏ గుడి మెట్ల మీద తేలతారో నాకు బాగా తెలుసు. ముప్పై ఏళ్లుగా ఆ రాతల మీద విరుచుకుపడుతూ వ్యాసాలు రాసినవాణ్ని.

మందారపూల రసం పూసిన కత్తితో నిమ్మకాయ కోసి "నెత్తురు" కార్చే మంత్రగాళ్ల గుట్టు ఊరూరా బయటపెట్టాను. ఒక ఊళ్లో బాణామతి చేసిందని ఒక ముసలావిడను వెళ్లగొట్టబోతే, పంచాయతీ మధ్యలో నిలబడి "ఆధారం చూపండి" అని అడిగాను. ఎవరి దగ్గరా లేదు. ఆమె ఇల్లు ఆమెకు మిగిలింది.

ఆధారం చూపండి. నా బతుకంతా ఈ రెండు మాటల మీదే నిలబడింది. అవే మాటలను ఒక పెద్దమనిషి మీద నేను ఎలా వాడానో, ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పాలి.

కంప్యూటర్‌లో రైలు నడిపే ఆట ఒకటుంది, సిమ్యులేటర్ అంటారు. అందులో రైలు నడపడమే కాదు, రైలు దారినీ మనమే కట్టుకోవచ్చు. పట్టాలు, కట్టలు, సిగ్నళ్లు, గేట్లు, పక్కన చెట్లు, క్వార్టర్లు, అన్నీ. గోదావరిఖనిలో ఆ పిచ్చి ఉన్నవాళ్లం ఓ ముప్పై మందిమి ఫోన్లో గ్రూపు కట్టుకున్నాం. సైన్సు టీచరుగా రిటైరై ఖాళీగా ఉన్నవాణ్ని కాబట్టి పెద్దరికం నాకు అంటగట్టారు.

మా దగ్గర గని మూతపడితే దాని పట్టాలూ పోతాయి. నేలను పైనుంచే తవ్వేసే ఓపెన్‌కాస్ట్ గని వచ్చిన చోట ఆ నేలే మిగలదు. ఒకప్పుడు బొగ్గు రైలు మలుపు తిరిగిన చోట ఇప్పుడు ఆకాశమంత మట్టిగుట్ట. అలా మాయమైన బొగ్గు లైన్లను ఆటలో మళ్లీ కట్టాలని పోటీ పెట్టాను. నియమం ఒకటే. పట్టాల పక్కన పెట్టే ప్రతి వస్తువుకూ ఒక ఫారం నింపాలి, అందులో "ఆధారం" అనే గడి ఉంటుంది. ఫొటోనో, నక్షానో, పాత కాగితమో చూపాలి. జ్ఞాపకం చెల్లదు.

నాతోపాటు పోటీ చూసుకున్నది ఇమ్రాన్, ఆటో ఎలక్ట్రీషియన్. ఫారం చూడగానే నవ్వాడు.

"సార్, రేపు దేవుడే దిగొచ్చినా మీరు ఆధార్ కార్డు అడుగుతరు."

"జిరాక్స్ కూడా అడుగుత," అన్నాను.

వచ్చినవాటిలో అన్నిటికన్నా గొప్పది స్వరూప పంపింది. ఆమెకు ముప్పై అయిదేళ్లుంటాయి, మార్కెట్ దగ్గర ఇంటర్నెట్ సెంటర్ నడుపుతుంది. కట్టింది ఆమె, కట్టించింది వాళ్ల నాన్న రాజలింగు. మూతపడిన ఒక గని దగ్గర, వ్యాగన్లలో బొగ్గు నింపే సైడింగులో ఆయన పాయింట్స్‌మన్‌గా పనిచేశాడు. ఏ రైలు ఏ పట్టా మీదికి పోవాలో లివర్ లాగి మార్చడం, జెండా చూపడం ఆ పని. డెబ్బై దాటాయి, నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం. ఎనిమిది నెలలపాటు సాయంత్రాలు కూతురి పక్కన కూర్చుని కట్ట ఎంత ఎత్తో, తుమ్మచెట్టు ఎక్కడో చెప్పి పెట్టించాడు.

అన్నిటికీ ఆధారాలున్నాయి, ఒక్కదానికి తప్ప. పాయింట్స్ క్యాబిన్ దాటాక మలుపులో ఒక పసుపు పచ్చ కూత బోర్డు ఉంది. అలాంటి బోర్డు కనిపిస్తే ఇంజను డ్రైవరు కూత వెయ్యాలి. ఆటలో అయితే రైలు తనంతట తానే వేస్తుంది. గేటు ముందర పెడతారు దాన్ని. అక్కడ గేటు లేదు, మనిషి దాటే బాట కూడా లేదు. ఫారంలో ఆధారం గడి ఖాళీ.

తండ్రీకూతుళ్లను మా ఇంటికి పిలిచాను. ఇమ్రాన్ కూడా ఉన్నాడు.

"కాకా, ఈ బోర్డు ఆడ ఉండెనా?"

"లేకుండె సారూ," అన్నాడు రాజలింగు, నిమ్మళంగా.

"లేనిది ఎందుకు పెట్టినవ్?"

ఊపిరి తీసుకోవడానికి ఆగి, ఆగి చెప్పాడు. ఓదెలు అని ఆయన జోడీదారు, ఇద్దరిదీ ఒకే క్యాబిన్. ఒకరోజు చెల్లె పెండ్లిచూపులున్నాయని రాజలింగు షిఫ్టు మార్చుకున్నాడు. ఆయన బదులు డ్యూటీకి పోయిన ఓదెలు ఆ మలుపులోనే రెండు వ్యాగన్ల నడుమ పడి చనిపోయాడు.

"నా డ్యూటీల పోయిండు సారూ. పాతికేండ్లోడు. ఇంజను రాంగనే పచ్చజెండ నెత్తి మీదికి లేపి నవ్వెటోడు. వాడు పోయినంక డ్రైవర్లు ఆడికి రాంగనే కూతేసుడు వెట్టిన్రు. రెండు పొట్టి, ఒకటి పొడుగు. ఎవ్వలు చెప్పలే, లైను బందయ్యేదాక ఆపలే. ఆటల బోర్డు పెట్టకపోతె రైలు కూతెయ్యదాయె. మరేం జెయ్యాలె?"

"కని ఆట ఒక్క పొడుగు కూతే వేస్తది సార్," అంది స్వరూప. "పొట్టివి రెండు ఎట్ల తెప్పియ్యాల్నో నాకు తెల్వలే. బాపు రోజూ లొల్లి."

"ఒక్కటేస్తె వాడు పలుకడు బిడ్డా," అన్నాడాయన.

ఆ మాట దగ్గరే నాలోని ఉపన్యాసకుడు లేచాడు. చనిపోయినవాడు పలకడమేమిటి? ఇదే కదా నేను జీవితమంతా కొట్లాడింది? బోర్డు తియ్యకపోతే ఎంట్రీ చెల్లదన్నాను. ఆయన గొంతు పెంచలేదు. "గదొక్కటి ఉండనియ్యి సారూ, బహుమతి వద్దు మాకు," అన్నాడు. నేను ఒప్పుకోలేదు. స్వరూప ఇద్దరివైపూ చూసి "మీ ఇష్టం సార్" అంది.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ సాయంత్రం గ్రూపులో రాశాను. "చచ్చినవారికి రైలు కూత వినిపిస్తుందని నమ్మేవారు భూతవైద్యుడి దగ్గరికి వెళ్లవచ్చు. ఇది ఆధారాల పోటీ." నవ్వే బొమ్మలు వరుసగా వచ్చి పడ్డాయి. రాజలింగుకు ఫోన్లో అక్షరాలు కనిపించవని, కూతురితో బయటికి చదివించుకుంటాడని నాకు తర్వాత తెలిసింది. ఆ మాటలు స్వరూప నోటితో విన్నాడాయన.

ప్రదర్శన ముందురోజు బోర్డును నా చేత్తోనే తీసేశాను. ఆ రైలు దారి ఫైలును మామూలు అక్షరాల్లో తెరిచి, బోర్డు తాలూకు వరుస పోయిందో లేదో కూడా చూసుకున్నాను. పోయింది.

ఆదివారం, పొద్దున పదకొండు గంటలు. కార్మికవాడలోని కమ్యూనిటీ హాలు. నలభై మంది ఉంటారు. తెల్లగుడ్డ మీద ప్రొజెక్టర్ బొమ్మ, రెండు స్పీకర్లు. కంప్యూటర్ దగ్గర ఇమ్రాన్. రాజలింగు ముందు వరుసలో, ఉతికిన తెల్లచొక్కాతో కూర్చున్నాడు. నావైపు చూడలేదు.

రైలును దానంతట అదే నడిచేలా పెట్టాం. ఖాళీ వ్యాగన్లతో బయల్దేరింది. తుమ్మచెట్టు, పంపుహౌసు, క్యాబిన్ దాటింది. పాత కార్మికులు "అగో, మన క్యాంటీన్" అని ఒకరికొకరు చూపించుకుంటున్నారు. ఇంజను మలుపు తిరిగింది.

కూత వేసింది. రెండు పొట్టి, ఒకటి పొడుగు.

రాజలింగు లేచి నిలబడ్డాడు. కుడిచెయ్యి తలమీదికి ఎత్తాడు, పిడికిట్లో జెండా కర్ర ఉన్నట్టుగా. చివరి వ్యాగన్ మలుపు దాటేదాకా ఆ చెయ్యి దించలేదు.

ఇమ్రాన్ నావైపు తిరిగి మెల్లగా అన్నాడు. "సార్, నేనైతె ముట్టలే." అతని రెండు చేతుల మధ్యా చాయ్ గ్లాసు ఉంది.

నేను చెప్పాల్సిన అసలు సంగతి ఇప్పుడు వస్తుంది.

ప్రదర్శన అయ్యాక రాజలింగు జనాన్ని తప్పించుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నిన్ను మస్తు తిట్టుకున్న సారూ. మందిల మాటన్నవ్, కని పని చేసినవ్. రెండు పొట్టి, ఒకటి పొడుగు. మా బిడ్డతోని కానిది నువ్వు చేసినవ్. ఇగ నాకు ఫికర్ లేదు."

దండం పెట్టాడు. నేను తీసేశానని చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. కానీ ఆ వెంటనే నలభై మంది ముందు "ఆ కూత ఎలా వచ్చిందో నాకు తెలియదు" అని నేను అనాలి. ముప్పై ఏళ్లలో ఎప్పుడూ అనని మాట అది.

"ఆరోగ్యం చూసుకో కాకా," అన్నాను. ఇంతకన్నా పెద్ద అబద్ధం నా జన్మలో ఆడలేదు.

ఆ మధ్యాహ్నమే వెతకడం మొదలుపెట్టాను. ఫైలు మళ్లీ తెరిచాను. బోర్డు లేదు. అదే కంప్యూటర్, అవే స్పీకర్లతో రైలును పదకొండుసార్లు ఆ మలుపు తిప్పాను. ఒక్కసారీ కూత రాలేదు. బోర్డు ఉన్నా ఈ ఆట వేసేది ఒక్క పొడుగు కూతే. హాలుకు అర కిలోమీటరు దూరంలో అసలు రైలు గేటు ఉంది. అక్కడి గేట్‌మన్‌ను అడిగితే పదిన్నర నుంచి పన్నెండు దాకా ఒక్క రైలు కూడా పోలేదన్నాడు. ఇమ్రాన్ ఆకతాయిపనేమోనని గట్టిగా నిలదీశాను, రెండు వారాలు నాతో మాట్లాడలేదు. హాల్లో ఒకాయన ఫోన్లో తీసిన వీడియో తెప్పించుకున్నాను. కూత అందులో స్పష్టంగా ఉంది, స్పీకర్లలోంచి వచ్చినట్టే ఉంది. ఆ క్షణంలో ఇమ్రాన్ చేతులూ కనిపిస్తున్నాయి, చాయ్ గ్లాసుతో సహా.

ఆ వరస తెలిసినవాళ్లలో పాత కార్మికులు కొందరుండవచ్చు. కానీ వాళ్లలో కంప్యూటర్ ముట్టినవాడు లేడు. ఇవన్నీ వరుసగా రాసి పెట్టుకున్నాను. వేరేవాళ్ల విషయంలో అయితే ఇందులో కన్నం ఎక్కడుందో చిటికెలో చెప్పేవాణ్ని.

నాలుగు నెలల తర్వాత, వానలు పడకముందే, రాజలింగు దవాఖానలో పోయాడు. ఊపిరితిత్తులు. ఆ నాలుగు నెలల్లో నేను రెండుసార్లు వాళ్ల వీధిదాకా వెళ్లి తిరిగి వచ్చాను.

తొమ్మిదో రోజున స్వరూప మా ఇంటికి వచ్చింది. చేతిలో పెన్ డ్రైవ్.

"సార్, ఎల్లుండి బాపు దినాలు. చుట్టాలకు ఆ రైలు చూపిద్దామనుకున్నం. నా దగ్గరున్న ఫైలుల ఒక్క పొడుగు కూతే వస్తది. హాల్ల మీరు పెట్టింది ఇయ్యున్రి."

నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నిజం చెప్పాలంటే, మోసం చెయ్యడానికే కూర్చున్నాను. కూతను విడిగా కోసి అతికించడం అప్పటికి నేర్చుకున్నాను. ఓ గంట పని. ఆమె తీసుకుని వెళ్లిపోతుంది, ఎవరికీ ఎప్పటికీ తెలియదు. మందార రసం పూసిన కత్తి నా చేతిలోకి వచ్చింది.

కుర్చీ వెనక్కి తిప్పి చెప్పేశాను. బోర్డు నేనే తీసేశాననీ, కూత నేను పెట్టింది కాదనీ, అది ఎలా వచ్చిందో తెలుసుకోవడానికి తర్వాత ఎంత వెతికానో కూడా చెప్పాను.

ఆమె చాలాసేపు పెన్ డ్రైవ్ మూత తీస్తూ పెడుతూ కూర్చుంది.

"మా బాపు మీకు దండం పెట్టినప్పుడు ఎందుకు చెప్పలే సార్?"

నేను ఆమె చేతిలోని మూతవైపు చూశాను.

"మరి కూతెవరేసిన్రు?"

"తెలువదమ్మా."

"మీరు తెలువదంటుంటె ఇనుడు ఇదే మొదాలు," అంది. వెక్కిరింత లేదు, జాలి కూడా లేదు. మళ్లీ తనే అంది. "సరే, మీరు తీసిన బోర్డైతె పెట్టున్రి. ఒక్క పొడుగైనా సరే."

"ఒక్కటేస్తె పలుకడన్నడు కదా మీ బాపు?"

"బాపు పలుకుతడు తియ్యి," అంది.

పెట్టాను. ఎప్పటిలాగే ఫారం తెరుచుకుంది. నియమం నేనే పెట్టాను కదా. స్వరూప ఆ గడివైపు చూసింది.

"ఆధారం కాడ ఏం రాస్తరు సార్?"

"తర్వాత రాస్త," అన్నాను.

దినాల రోజు వాళ్ల వాకిట్లో టెంటు కింద, చుట్టాల మధ్య చివరి కుర్చీలో కూర్చున్నాను. మలుపు దగ్గర రైలు ఒక పొడుగు కూత వేసింది. ఎందుకేసిందో నాకు తెలుసు. ముందొచ్చే రెండు పొట్టి కూతల కోసం ఎదురుచూశాను. రాలేదు.

ఆ ఆదివారం అవి ఎక్కడి నుంచి వచ్చాయో నేటికీ చెప్పలేను. ఎవరైనా కారణం కనిపెడితే ఒప్పుకోవడానికి సిద్ధంగా ఉన్నాను, వీడియో కూడా ఇస్తాను. కానీ కారణం దొరికినా, నా చేతులు పట్టుకున్న మనిషికి నేను చెప్పని మాట చెప్పినట్టు కాదు.

ఫారంలో ఆ గడి చాలారోజులు ఖాళీగానే ఉండిపోయింది. నిన్న నింపాను.

"ఈ బోర్డు అక్కడ ఎప్పుడూ లేదు. కూత ఉండేది. ఆధారం: రాజలింగు చెప్పాడు. నేను విన్నాను."