పావ్లోవా ఎవరిది?

మొన్న టాంపినీస్‌లో మా అమ్మాయి స్నేహితురాలి పుట్టినరోజుకు వెళితే, బల్ల మీద క్రీమూ కివి ముక్కలూ మోసుకుని తెల్లటి పావ్లోవా కనిపించింది. "ఆస్ట్రేలియా స్వీట్ ఆంటీ, ట్రై లా!" అంది ఆ పిల్ల, ఇక్కడి వాళ్ల అలవాటు ప్రకారం మాట చివర 'లా' తగిలించి. ఎవరైనా విన్నారేమోనని నేను గభాలున అటూ ఇటూ చూశాను. పాతికేళ్లయినా నాకు ఆ బెదురు పోలేదు.

రెండువేల సంవత్సరం ముంచుకొస్తోందని ఇక్కడి బ్యాంకులన్నీ మాలాంటి కంప్యూటరు వాళ్లను మన దేశం నుంచి పిలిపించి, పాత ప్రోగ్రాముల్లో తేదీలు దిద్దిస్తున్న రోజులవి. నాది ఆరు నెలల కాంట్రాక్టు. పొడిగిస్తారో, పెట్టె సర్దుకోమంటారో తెలియక కాలు ఒకచోట నిలిచేది కాదు. పొడిగింపు ఫారం మీద ఇద్దరు సంతకం పెట్టాలి: ఆస్ట్రేలియా నుంచి వచ్చిన మేనేజరమ్మ, న్యూజిలాండ్ నుంచి వచ్చిన టెస్టింగ్ పెద్దాయన. సరిగ్గా అప్పుడే ఆవిడ పావ్లోవా చేసి తెచ్చి, "మా దేశపు స్వీటు" అంది. ఆయన స్పూను కింద పెట్టేసి, "కాదు, మాది. మా అమ్మమ్మ చేసేది" అన్నాడు. గుడ్డు తెల్లసొనలో పంచదార వేసి గిలకొట్టి కాల్చిన వంటకం కోసం వారం రోజులు ఇద్దరికీ మాటల్లేవు. ఎవరి దేశం నుంచి వాళ్లు పాత వంటపుస్తకాల పేజీలు ఫాక్సులో తెప్పించుకున్నారు. నా ఫారం ఆ కాగితాల కింద పడిపోయింది.

నేను చోవా చూ కాంగ్‌లో ఒక ఆంటీ ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను. తాతల నాడే విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. నా పచార్లు చూడలేక సంగతి అడిగి తెలుసుకుని, "ఎవరు కనిపెడితే ఏముంది లా! మకాన్ దగ్గర సండై ఎందుకు? తిండి కోసం ఎవరైనా కొట్టుకుంటారా? నువ్వే ఒకటి చేసి పట్టుకుపో" అంది. ఆదివారం ఇద్దరం చేశాం. నేను ఆగలేక ఓవెన్ తలుపు నాలుగుసార్లు తీశాను. అది నడుమ కుంగిపోయింది. మర్నాడు రైల్లో ఆఫీసుకు చేరేసరికి ఉక్కకు డబ్బాలో పాకం కూడా కారింది.

మూత తీయగానే ఇద్దరూ వంగి చూసి, ఒక్కసారే, "మధ్యలో తలుపు తీశావు కదూ?" అన్నారు. తర్వాత నిలబడే మొత్తం తినేశారు. నేను ధైర్యం చేసి ఫారం సంగతి ఎత్తాను. ఆవిడ వెతికి తీసి సంతకం చేసింది. ఆయనా చేసి, "ఇక్కడ నేను పెట్టే ఆఖరి సంతకం ఇదేనేమో" అని నవ్వాడు. ఆయన ఉద్యోగం తీసేశారట. తగువు మొదలవడానికి ముందురోజు ఆ కబురు ఆయనకు చెప్పాల్సి వచ్చింది ఆవిడకే. ఆయన మనసు కాస్త కుదుటపడుతుందని మర్నాడు ఆ మొదటి పావ్లోవా చేసి తెచ్చిందట. ఆవిడ కిటికీ వైపు తిరిగి నిలబడింది.

నెలాఖరుకు ఆయన వెళ్లిపోయాడు. నేను ఇక్కడే ఉండిపోయాను. ముందున్న నెలల కోసం అంతగా ఆరాటపడ్డదాన్ని, పక్క కుర్చీలోని మనిషికి ఇక రోజులే మిగిలాయని గమనించలేదు. కాలం అందరికీ ఒకేలా గడవదని తెలిసే వయసు కాదది.