ప్రసాదరావు గారి పాత వాల్వులు

ఏడో తరగతితో చదువాగిన వాడి చెవికి పాత వాల్వుల నాదం ఎక్కదని ప్రసాదరావు గారు నలుగురి ముందు నన్ను అన్నారు. అది తప్పు. ఈ వయసులో కూడా ఆ మాట తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఇవాళ పొద్దున ఆంప్లిఫయరు స్విచ్చి వేయగానే, వేడెక్కిన వాల్వుల మీది దుమ్ము కమురు వాసన కొట్టింది. దానితోపాటే ఉప్పల్‌లో ఆయన ముందుగది కళ్లముందుకొచ్చింది. తొంభైల మొదట్లో నేను నాచారంలో ఒక షెడ్డులో ఫిట్టర్ని. ఆయన హబ్సిగూడ వైపు ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో ఇంజనీరు, కోస్తా మనిషి. అల్యూమినియం రేకుకు గుండ్రటి రంధ్రాలు కొట్టించుకోవడానికి మా దగ్గరకొచ్చారు.

"గీ బొక్కలన్నీ దేనికి సారూ?" అన్నాను.

"చెబితే తెలిసేది కాదు. ఆదివారం ఇంటికి రావయ్యా, వినిపిస్తాను."

వెళ్లాను. నేను కొట్టిన రంధ్రాల్లో నిలబెట్టిన గాజుబుడ్లు, అవే వాల్వులు; వాటి లోపల నిప్పుకణికల్లా ఎర్రగా వెలుగు! రికార్డు మీద ముల్లు దించారు. పాడే ఆవిడ గది మధ్యలోకి వచ్చి కూర్చున్నట్టే ఉంది. నా చేతి వెంట్రుకలు నిలబడ్డాయి. "పాట సరే నర్సింలూ, దాని వెనకున్న తంబూరా విను. మృదంగం ఎడమచేతి దెబ్బ విను," అన్నారు. ప్రతి ఆదివారం అదే చదువు. నాకు అంతకు మించిన బడి లేదు.

ఒక జత పాత విలాయతీ వాల్వులంటే ఆయనకు ప్రాణం. వాడనప్పుడు దూదిలో చుట్టి దాచేవారు. ఒక స్నేహితుడు కొత్తగా తయారైన రష్యా జత తెచ్చి ఇస్తే, "ఉత్త గాజుబుడ్లు" అని పెదవి విరిచారు. సరే, ఒక ఆదివారం నలుగురు స్నేహితులు కూర్చుని ఉండగా పెట్టి చూశారు. ఎడమచేతి దెబ్బ వచ్చి నా గుండెకు తగిలింది!

"సారూ, కొత్తదే మస్తుగున్నది!" అనేశాను.

అప్పుడే అన్నారు, ఏడో తరగతి మాట. నాకు పంతం పట్టింది. "అయితే పర్దా కట్టుండ్రి సారూ. అమ్మగారు మారుస్తరు, మనం కండ్లు మూసుకొని జెప్పాలె."

ఆయన భార్య సుభద్ర గారు దుప్పటి అడ్డం కట్టారు. వాల్వులు చల్లబడే దాకా ఆగలేక చీరచెంగుతో పట్టుకుని మార్చారు. "కాలిపోతోందండీ మీ సంగీతం!" అని దుప్పటి వెనకనుంచి ఒకటే నవ్వు. మూడుసార్లు విన్నాం, మూడుసార్లూ నేను సరిగ్గా చెప్పాను. చివరిసారి సారు కళ్లు మూసుకుని, "ఇది పాతదే! ఆ తీపి చూడండి!" అన్నారు. సుభద్ర గారు దుప్పటి తీశారు. కొత్త జత! నేను గంతేశాను.

"గాలివాటం," అని ఆయన లేచి లోపలికి వెళ్లిపోయారు.

వినడం నేర్పిన మనిషే నేను విన్నదాన్ని నమ్మలేదు. వెళ్లడం మానేశాను. ఊరుకోలేదు మాత్రం. "మీ ఆఫీసులో మీటరుంది కదా, పాత జతను కొలిచి చెప్పండి" అని కార్డు రాశాను. జవాబు లేదు. మళ్లీ రాశాను.

ఈనాటికీ వాల్వులు పాతవి కొనాలా కొత్తవా అని జనం నన్ను అడగడానికి వస్తారు. పాతవన్నీ బంగారం కాదు, కొత్తవన్నీ మట్టీ కాదు. పేరు చూడకుండా, ముందు తంబూరా విని చెబుతాను. ఆ చెవి ఆయన పెట్టిన భిక్షే; కోపం ఎంతున్నా కాదనలేను.

అప్పట్లో నా మూడో కార్డుకు జవాబొచ్చింది:

"నర్సింలూ, పాత జతను ఇవాళ మీటరు మీద పెట్టాను. వాటిలో సగం సత్తువ కూడా లేదు. అన్నీ కొలిచే నేను వీటిని ఏనాడూ కొలవలేదు. ఏం బయటపడుతుందోనని భయం. నీ చెవి నిజం చెప్పింది. ఆ నలుగురినీ ఈ ఆదివారం మళ్లీ పిలిచాను. నువ్వు రాకపోతే నేనెవరి ముందు ఒప్పుకోను?"