నూలు లేని మగ్గం

మొన్న ఆదివారం మా అబ్బాయి కుటుంబంతో కలిసి వేలూరు బయట హైవే పక్కనున్న వినోదాల పార్కుకు వెళ్లి వచ్చాను. అక్కడి మగ్గం ప్రదర్శనను మళ్లీ కొత్తగా తీర్చిదిద్దారని విని మనవరాలే పట్టుబట్టి లాక్కుపోయింది. ఇంటికి రాగానే కాళ్లయినా కడుక్కోకుండా ఫోను పట్టుకుని, అందరి అభిప్రాయమూ రాసి పెడతాను, ఉన్నదున్నట్టు చెప్పండి అంటూ కూర్చుంది. కోడలు ఏసీ చల్లగా ఉందన్నది, అబ్బాయి క్యూలో కాళ్లు పీకాయన్నాడు, మనవరాలు తనంతట తానే మగ్గం మీద అటూ ఇటూ నాడె విసిరే మరబొమ్మకు ఐదు చుక్కలు ఇచ్చేసింది. ఇక నువ్వు చెప్పు తాతా అని నా వైపు తిరిగింది. ఆ బొమ్మ కూర్చున్న చోట ఒకప్పుడు నేను కూర్చున్నానని ఆ పిల్లకు తెలియదు.

ఇప్పుడు నాలుగు వీధులు తిరిగినా వినిపించదు గానీ, మా కాలంలో గుడియాత్తంలో మా వీధికి గడియారం అక్కరలేదు, మగ్గాల చప్పుడును బట్టే పొద్దు తెలిసేది. మా ఇంట్లో రెండు గుంట మగ్గాలు, ఒకటి మా నాయనది, ఒకటి నాది. మరమగ్గాలు వచ్చాక చేతి లుంగీని అడిగే నాథుడు లేక ముందు నాది ఆగిపోయింది. మా అమ్మా నా భార్యా కూలికి అగ్గిపెట్టెలు అతికించి, ఆ డబ్బుతో పొయ్యి వెలిగించేవారు. కూటి కోసం కోటి విద్యలన్నారు కదా, నేను ఆ పార్కులో చేరి, వచ్చిన జనం ఎదుట లుంగీ నేసి చూపించే పనికి కుదిరాను. సిగ్గుగానే ఉండేది, అయినా చేతిలో నూలు ఉండేది.

ఏడాది తిరక్కుండానే ప్రదర్శన మారుస్తున్నామన్నారు. మగ్గానికి నూలే ఉండదట, పోగుల చోట రంగుదీపాల గీతలు పరుచుకుంటాయట, మేము ఉత్త నాడె అటూ ఇటూ విసరాలట. మా ముగ్గురు నేతగాళ్లలో ఒక్కరినే ఉంచుకుంటారట. మొదటి రోజు మా కుటుంబాలను పిలిచి, చూశాక మైకులో అభిప్రాయం చెప్పించి, దాన్ని విన్నాకే యజమాని ఎవరిని ఉంచాలో తేలుస్తాడని మేనేజరు చెప్పాడు.  నా భయమంతా మా నాయనతోనే.

ఆయన బట్ట విషయంలో మొహమాటం ఎరగని మనిషి. పరదరామిలో మా మేనమామ పెళ్లికి వెళ్లి (ఆ మేనమామ నేర్పిన అక్షరాల వల్లే ఈ నాలుగు ముక్కలూ తెలుగులో రాయగలుగుతున్నాను, తమిళనాట మా వీధిలో తెలుగు మాట్లాడేవాళ్లే గానీ రాసేవాళ్లు అరుదు) పీటల మీదున్న పెళ్లికూతురి కొంగు పట్టుకుని పోగు తప్పిందని చెప్పి ఆమెను ఏడిపించిన ఘనుడు. ఆయన నోట అన్నిటికన్నా పెద్ద మెప్పు "తప్పు లేదు". బాగుందన్న మాట నేను విని ఎరగను.

పైగా మా ఇళ్లలో మగ్గాన్ని ఒట్టిగా ఉంచరు. నేసిన బట్టను కోసినప్పుడు కూడా పోగులు దూర్చే దువ్వెనలాంటి అచ్చులో జానెడు పాత పోగులు వదిలి, వాటికే కొత్త పడుగు అతుకుతారు. మా తాత నాటి నుంచీ ఆ వరస తెగలేదు. నేసేవాడు పోయి, ఇంట్లో మరి నేసేవాడు లేడనుకుంటేనే ఆ పోగులు కోసేస్తారు. అలాంటి ఇంటి కొడుకు నూలు లేని మగ్గం మీద కూర్చోబోతున్నాడు. ఆ ఉదయం నేను ఆయన కాళ్లు పట్టుకున్నాను, ఒక్క మాట, ఒక్క మంచి మాట చెప్పమని ఏడ్చాను. 

"లెయ్యి నాయనా. నువ్వు చెప్పమనిందే చెప్తా," అన్నాడు ఆయన.

ప్రదర్శన సాగినంతసేపూ నేను తలెత్తలేదు. పాట మోగింది, దీపాలు మారాయి, ఏ పోగూ అడ్డం లేని నాడె పక్కకు తగిలి కొయ్యశబ్దం చేసింది. జనం చప్పట్లు కొట్టారు. మైకు మా నాయన చేతికి వచ్చింది. ఆయన యజమానిని చూడలేదు, నన్నే చూశాడు.

"బాగుండాది సార్. రొంబ బాగుండాది."

ఉద్యోగం నాకే నిలిచింది. గుడియాత్తం బస్సులో పక్కపక్కనే కూర్చుని ఇంటికి వచ్చాం. మరునాడు పొద్దున లేచేసరికి ఇంట్లో మగ్గం చప్పుడు లేదు. వెళ్లి చూస్తే ఆయన గుంటలో కూర్చుని, కత్తెరతో అచ్చులోని పోగులను ఒక్కొక్కటిగా కోస్తున్నాడు. పడుగు ఒక్కటే కాదు, దాని వెనకటి ఆ జానెడు పోగులతో సహా. అమ్మ గుమ్మంలో కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

"ఎందుకు నాయనా?" అన్నాను.

"ఇంగ దీనికి అతికేవాడు యాడుండాడప్పా," అన్నాడు, కోయడం ఆపకుండానే.

మైకులో చెప్పింది నా కోసం, ఇది ఆయన అసలు అభిప్రాయం. ఆ ఉద్యోగం ఆరునెలలైనా నిలవలేదు. ఆయన మాత్రం మళ్లీ మగ్గం గుంటలో దిగలేదు, ఏ బట్టనూ పట్టి చూసి తప్పు చెప్పలేదు. అది నేను చేసిన పాపమే.

మనవరాలు ఫోను పట్టుకుని ఇంకా ఎదురుచూస్తోంది. బాగుండాదని రాయమ్మా అన్నాను. నచ్చిందో లేదో చిటికెలో చుక్కలతో తేల్చే కాలం ఇది, ఆ పిల్లదేమీ తప్పు కాదు. ఆ అబద్ధం ఆడి ఇంటికి వచ్చాక మా నాయనకు కోయడానికి జానెడు పోగులైనా ఉన్నాయి. నాకు అవీ లేవు.