నాయన కొన్న ఫ్లై రాడ్

మా నాయన ముప్పై ఎనిమిదేళ్ళు ధర్మవరంలో గుంటమగ్గం మీద పట్టుచీరలు నేశాడు. పోయిన ఏడాది మోకాళ్ళు వాచిపోతే పుట్టపర్తి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఇక గుంటలో కాళ్ళు పెట్టుకొని కూర్చోవద్దని, రోజూ చదునైన చోట నడవమని అక్కడి డాక్టరు చెప్పాడు. మగ్గం మా చిన్నాయన ఇంటికి పోయింది. నాయన టీవీ ముందుకు పోయాడు.

నడవమంటే నడవడు. పనీపాటా లేకుండా వీధుల్లో తిరిగేవి కుక్కలే అంటాడు. ఫోన్ చేస్తే రెండు మాటలు మాట్లాడి అమ్మకు ఇచ్చేస్తాడు. నేను పెనుకొండలో ఉంటాను. మా పాప రెండుసార్లు తుమ్మితే థర్మామీటర్ వెతికే మనిషిని. నాయన అలా ఉంటే నాకు నిద్ర ఎక్కడిది? మోకాళ్ళ సంగతి డాక్టరు చూసుకుంటాడు. పొద్దున లేవడానికి ఆయనకంటూ ఒక పని లేకపోతే మాత్రం మనిషి మనకు దక్కడని నాకు గట్టిగా అనిపించింది.

మా ఆయన కార్ల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. అతని పైఅధికారి కొరియా ఆయన. ఆదివారాలు ఏటికి పోయి, కొరడా లాంటి సన్నటి కర్రతో చేపలు పట్టి, పట్టినవన్నీ మళ్ళీ నీళ్ళలోనే వదిలేసి వస్తాడు. ఆ వీడియో ఒకటి మా ఆయన ఫోన్‌లో ఉంది. ధర్మవరం వెళ్ళినప్పుడు ఊరికే నాయనకు చూపించాడు. నాయన మళ్ళీ పెట్టమన్నాడు. మూడోసారి చూసి, కళ్ళద్దాలు పైకి తోసి అడిగాడు.

"ఆ దారం ఎన్ని పోగులబ్బా?"

నెలల తర్వాత నాయన తనంతట తాను అడిగిన మొదటి ప్రశ్న అది. నేను వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చాను.

నాయనకూ అలాంటి కర్ర ఒకటి కొనిద్దామన్నాను. మా ఇంట్లో చేపలు తినరు. పట్టి వదిలేసేదే కాబట్టి అమ్మ అడ్డు చెప్పలేదు. నాయనకు ఉన్న అభ్యంతరం ఎర గురించి. పట్టుపురుగుల పుణ్యాన ఇన్నాళ్ళు అన్నం తిన్నవాణ్ణి, ఈ వయసులో ఒక పురుగును తీసి కొక్కేనికి గుచ్చలేనన్నాడు. ఈ పద్ధతిలో పురుగే ఉండదని, ఈకలు, దారం కలిపి ఈగలా కట్టిన ఉత్తుత్తి ఎర ఉంటుందని మా ఆయన చెప్పాడు. పైగా దీనికి ఒకచోట కూర్చోరు. ఒడ్డు వెంట నడుస్తూ వేస్తారు. డాక్టరు చెప్పిన నడక కూడా అయిపోతుంది. అంత బాగా కుదిరేసరికి నాకు అనుమానం కూడా వచ్చింది.

ఆ రోజు నుంచి పాప పడుకున్నాక ఫోన్‌లో ఆ కర్రలు, వాటినే ఫ్లై రాడ్లంటారట, చూడటం మొదలుపెట్టాను. ఒక్కోదానికి అడుగుల లెక్క, మళ్ళీ ఏదో నంబరు. డిగ్రీలో కామర్స్ చదివినదానికి ఇవి ఏం అర్థమవుతాయి? కొత్తవి కొనాలంటే పాప స్కూలు ఫీజు గుర్తొచ్చింది. కొరియా ఆయన్ని అడిగి రమ్మని మా ఆయన్ని పంపాను. చిన్న ఏరు, పక్కన కంపచెట్లు, వేలెడు చేపలు కాబట్టి పొట్టిది, మెత్తగా వంగేది, చిన్న నంబరుది తీసుకోమన్నాడట. రీలు మామూలుది చాలు, అది దారం చుట్టిపెట్టుకోవడానికే. దుడ్లు మిగిలితే దారం మీద పెట్టమన్నాడట. అన్నీ పాప డ్రాయింగ్ పుస్తకం వెనక రాసుకున్నాను.

మొదట హిందూపురం పోయాం. అక్కడ చదువుకున్నదాన్ని, వలలు, కొక్కేలు అమ్మే అంగడి నాకు తెలుసు. ఆయన దగ్గర ఉన్నవన్నీ చెరువుల్లో పెద్ద చేపల కోసం వాడే లావు కర్రలు. నేను చెప్పిందంతా శ్రద్ధగా విని, అంత దుడ్లు పెట్టి పట్టిన చేపను మళ్ళీ వదిలేస్తారా అని అడిగాడు. అవునన్నాను. లోపల్నుంచి వాళ్ళావిడను పిలిచి ఆ మాట ఆమెకు కూడా చెప్పమన్నాడు.

చివరికి పెనుకొండలోనే దొరికింది. కొరియావాళ్ళు తమ దేశానికి తిరిగి పోయేటప్పుడు అమ్మేసిన సామాన్ల అంగడి ఒకటి ఉంది. రైస్ కుక్కర్లు, పిల్లల సైకిళ్ళు, మంచాలు, గోల్ఫ్ కర్రలు. ఒక మూల మూడు ఫ్లై రాడ్లు కనబడ్డాయి. నాయనను ధర్మవరం నుంచి రైల్లో రమ్మన్నాం.

ఆయన ఎంచిన తీరు చూడాలి. ముందు ఒక్కో కర్రనూ కంటికి ఆనించి, మగ్గంలో పన్నె పళ్ళు సరిగా ఉన్నాయా అని చూసినట్టు, వంకర ఉందేమో చూశాడు. చివర నేలకు ఆనించి వంచి, వదిలి, ఎంత సేపటికి వణుకు ఆగుతుందో చూశాడు. రెండు ముక్కలు కలిసే చోట వేలుగోరు పెట్టి సందు వెతికాడు. దారం పోయే ప్రతి రింగులో దూది తిప్పి, దూది చిక్కుకుంటే ఆ కర్రను పక్కన పెట్టేశాడు. అంగడాయన నాకేసి చూసి, పెద్దాయన ఏం పని చేస్తారని మెల్లగా అడిగాడు.

నిలిచింది అన్నిట్లోకీ పొట్టిది, ఏడడుగుల ఫైబర్ గ్లాస్ రాడ్, మూడో నంబరు. నా పుస్తకంలో రాసుకున్నదానికి సరిగ్గా సరిపోయింది. ధర కూడా మాకు అందేదే. రీలుకు చుట్టి ఉన్న దారాన్ని మాత్రం నాయన రెండు వేళ్ళ మధ్య నలిపి మొహం చిట్లించాడు. పచ్చగా, సేమ్యా అంత లావుగా ఉంది.

"ఇది దారమా, మోకా? ధర్మవరమోనికి ఇట్లాంటిది ఇస్తాండావా నువ్వు?"

సన్నగా ఉండి తెగకుండా ఉండేదే మేలైన దారమని జీవితమంతా నమ్మిన మనిషి. ఇంట్లో పట్టు ఉంది, ఇది వద్దు, దీని ధర తగ్గించమన్నాడు. అంగడాయన సంతోషంగా మూడు వందలు తగ్గించి దారం తీసేసుకున్నాడు. దారం మీద దుడ్లు పెట్టమన్న మాట నా పుస్తకంలోనే ఉంది. పుస్తకం నా చేతిసంచిలోనే ఉంది. కానీ నాయన నవ్వుతున్నాడు. నేను సంచి తెరవలేదు.

తర్వాతి ఆదివారం ధర్మవరం అవతల చిత్రావతికి పోయాం. మంచి వానలు పడి ఏరు పారుతోంది. మేం నిలబడిన చోట చీలమండల లోతు. అయినా నేను పాప గౌను వెనకనుంచి పట్టుకొనే ఉన్నాను. నాయన పంచె ఎగ్గట్టి, రీలుకు తన పట్టుదారం చుట్టి, చివర ఈకల ఈగ కట్టి, వీడియోలో చూసినట్టే చెయ్యి ఊపాడు. దారం లేచి సాలెగూడులా గాల్లో తేలి, వచ్చి ఆయన భుజం మీదే వాలింది. మళ్ళీ ఊపాడు. ఈసారి తల మీద పడింది. అరగంట అదే వరస. కొక్కెం మా ఆయన చొక్కాకు ఒకసారి, తుమ్మకొమ్మకు రెండుసార్లు తగులుకుంది కానీ నీళ్ళలో ఒక్కసారీ పడలేదు. అవతలి ఒడ్డున గొర్రెలు మేపే ఒక అవ్వ చాలాసేపు చూసి, ఉండబట్టలేక అడిగింది.

"ఏమప్పా, పొద్దన్నుంచి ఈగలు తోలుతాండావా ఏంది?"

పాప పకపకా నవ్వింది. నాయన నవ్వలేదు. దారం చుట్టేసి, రెండు ముక్కలూ విడదీసి సంచిలో పెట్టాడు. చిత్రాన్నం రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నాడు. ఇంటికి వచ్చాక సంచి నా చేతికిచ్చి, ఎనక్కి ఇచ్చేయమ్మా అని టీవీ పెట్టుకున్నాడు. పెనుకొండ దాకా ఆ సంచి ఒళ్ళోనే పెట్టుకొని కూర్చున్నాను. ఏదో మంచి చేయబోయి, ఆయనకు చేతకాని పని ఇంకొకటి ఉందని చూపించి వచ్చాను.

సోమవారం మా ఆయన జరిగిందంతా కొరియా ఆయనకు చెప్పాడు. ఆయన కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వి, తర్వాత కాగితం మీద బొమ్మ గీసి చూపించాడట. ఈకల ఈగకు బరువే ఉండదు. మనం విసిరేది దారాన్ని. దారం లావుగా, బరువుగా ఉంటేనే అది ముందుకు పోయి ఈగను మోసుకుపోతుంది. సన్నదారం ఎంత గట్టిదైనా గాలికి తేలడం తప్ప ఏమీ చేయలేదు. చివరగా ఇంకో మాట కూడా చెప్పాడట. పూర్వం ఈ దారాన్ని పట్టుతోనే చేసేవాళ్ళని.

నేను ఆ పచ్చదారం కోసం అంగడికి పరిగెత్తాను. అది అప్పుడే అమ్ముడైపోయింది. ఎవరో ఇల్లాలు బట్టలారేసుకోవడానికి బాగుందని కొనుక్కుపోయిందట.

ఫోన్ తీసి ఎంతసేపు పట్టుకొని కూర్చున్నానో. చివరికి చేశాను. కొరియా ఆయన మాటలు వినిపించాను, నా పుస్తకం సంగతి ఒప్పుకున్నాను, దారం పోయిందని కూడా చెప్పాను. ఇక ఫోన్ అమ్మకు ఇచ్చేస్తాడనుకున్నాను.

"ఎంత లావుండల్ల?" అన్నాడు నాయన. "అంతా ఒకటే లావా, కొసకు సన్నమవుతాదా? సరిగ్గా అడుగమ్మా."

అడిగించాను, కొసకు సన్నమవుతుంది. ఎన్ని అడుగుల దగ్గర ఎంత సన్నం కావాలో కొరియా ఆయన అంకెలు వేసి ఇచ్చాడు. ఆ కాగితం ఫోటో పంపాను. ఆ తర్వాత సంగతులన్నీ అమ్మ ఫోన్‌లోనే తెలిశాయి. నాయన మిగిలిపోయిన పట్టంతా బయటికి తీశాడు. అమ్మ రాట్నం మీద పోగులు కలిపి పురి పెట్టాడు. కొసకు పోయేకొద్దీ ఒక్కో పోగూ ముడి కనబడకుండా తప్పించాడు. తర్వాత, వీధిలో పడుగు సాపినట్టే, మా గుమ్మం పక్క కొయ్య నుంచి ఆ చివర కరెంటు స్తంభం దాకా దాన్ని బిగించి కట్టి, తేనెమైనం రుద్దడం మొదలుపెట్టాడు.

"మీ నాయన వీధంతా కట్టేసినాడు," అని అమ్మ వాపోయింది. "ఆటోలు సందులోంచి తిరిగి పోతాండాయి. మైనం రుద్దను నలుగురు, సలహాలు చెప్పను పదిమంది. ఎవురికీ నేతపని ఉన్నట్టు లేదీ పొద్దు."

వాపోతోందో, మురిసిపోతోందో తెలియలేదు. వెనక నాయన గొంతు వినిపిస్తోంది. ఎవరినో పురి తిరగబడిందని తిడుతున్నాడు.

కర్ర నా దగ్గరే ఉండిపోయింది కదా, శనివారం తీసుకెళ్ళి ఇచ్చాను. ఇంటిముందు వీధిలోనే ఒకసారి వేసి చూశాడు. దారం వెనక్కి పోయి, నిటారుగా సాగి, ముందుకు వచ్చి ఎదురింటి ముగ్గు మీద చప్పుడు లేకుండా పడింది. ఎదురింటాయన చప్పట్లు కొట్టాడు. నాయన ఆయనవైపు చూడకుండా, దారం వాలిన తీరు చూస్తూ ఇంకోసారి ఊపాడు.

పొద్దున నేను లేచేసరికి ఇంట్లో లేడు. ఐదింటికే ఎదురింటాయనతో కలిసి ఏటికి నడిచి పోయాడట. నాచు మీద కాలు జారితే? మోకాలు పట్టేస్తే? ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎనిమిదోసారికి ఎత్తాడు. నీళ్ళ చప్పుడు వినబడుతోంది.

"యాడున్నావు నాయనా? మోకాళ్ళు ఎట్లుండాయి?"

"మోకాళ్ళా?" అన్నాడు, ఎవరివో అడిగినట్టు. "పరిగె చేప పడిందమ్మా, వేలెడుంది. చేతిలో ఉండాది. తడి ఆరకముందే వదిలేయల్ల, ఉండు."

ఉన్నాను. ఎదురింటాయన ఏదో అన్నాడు, ఇద్దరూ నవ్వారు. చాలాసేపటికి గానీ ఫోన్ కట్ చేయలేదని గుర్తు రాలేదేమో ఆయనకు. ఒక్కోసారి నీళ్ళు, ఒక్కోసారి రీలు తిరిగే చప్పుడు, మధ్యలో, కొంచెం ఎడమకు వెయ్యబ్బా అనే మాట. పాప లేచి వచ్చి నా ఒళ్ళో కూర్చుంది. ఇద్దరం స్పీకర్ పెట్టుకొని కాఫీ చల్లారేదాకా వింటూ కూర్చున్నాం.