దేవుడి గూడు

పైనింటాయన మీద నాకింకా కోపం పోలేదు. ఆ రోజు పొద్దున మా హాలు గోడలోని దేవుడి గూట్లో దీపం వెలిగిస్తున్నాను. ఒక్కసారిగా గోడంతా అదిరి, కుంకుమ భరిణె కింద పడింది. అరికాలి మంట నెత్తికెక్కింది. చెప్పులైనా వేసుకోకుండా పైకి పరిగెత్తాను.

హనుమకొండలో మా అపార్ట్‌మెంటు గోడలు ఇటుకవి కావు, కాంక్రీటువి. పైనింటాయన హాల్లోంచి పడకగదికి కొత్త తలుపు పెట్టుకుందామని, సరిగ్గా మా గోడ మీద లేచిన గోడనే మిషన్‌తో కోయిస్తున్నాడు. అప్పటికే నిలువునా ఒక గాటు పడింది.

"నీకు బుద్ధుందా? బిల్డింగంత కూలగొడ్తవా?" అన్నాను.

"ఎందుకన్నా అంత ఫికర్? గోడనే గదా. రాడ్లు అడ్డమొస్తే కోసెయ్యమన్న."

కోసెయ్యమన్నాడట! నలుగురినీ పోగేసి, మెట్ల మీదే అతన్ని కడిగేశాను. మిషన్ ఆపించి, ఒక ఇంజనీరమ్మను పిలిపించాను.

ఆమె గాటు చూసి చెప్పింది. "ఇది ఉత్త అడ్డుగోడ కాదు సార్. పునాది నుంచి డాబా దాక ఒకటే గోడ. గాలికి, భూకంపానికి బిల్డింగును పట్టుకునేది ఇదే. తలుపు పెట్టొచ్చు. కాని ముందు లెక్క కట్టాలె, చుట్టూ ఇనుప ఫ్రేమ్ బిగించాలె. జర కింద కూడ చూస్త."

పైనింటాయన వైపు గుడ్లురిమి, నేనే ముందు నడిచి మా ఇంటి తలుపు తీశాను. అందరూ వెంట వచ్చారు.

ఆమె దీపం పక్కన పెట్టి, గూట్లో చెయ్యి పెట్టి తడిమింది. "ఇదెవరు కొట్టిచ్చిన్రు? రాడ్లు తెగినయ్."

మట్టెవాడలో మా పాతింటి గోడలు మట్టివి, మూరెడు మందం. ప్రతి గోడకూ గూడుండేది. గూడు లేని ఇంట్లో దీపమెక్కడ పెట్టాలని, ఈ ఫ్లాటుకొచ్చిన వారానికే మేస్త్రీని పిలిచాను. రాడ్లు అడ్డమొస్తున్నాయని అతనంటే, కోసెయ్యమన్నది నేనే.

"గురిగింజ తన నలుపు తానెరుగదట," అంది నా భార్య, అందరికీ వినపడేటట్టు. పైనింటాయన మాత్రం ఒక్క మాట అనలేదు. అని ఉంటే నేనూ నాలుగు తిట్టేవాణ్ణి.

పైన పని ఆగింది. అక్కడ పడింది గాటే. ముందు బాగు చేయాల్సింది నా గోడట. ఇప్పుడు మా హాలు నడుమ రెండు ఇనుప జాకీలు కప్పును మోస్తున్నాయి. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ వాటిని చూసి, "పైనోడు చేసిన పనేనా?" అని అడుగుతారు. కాదు, నేనే అని చెప్పిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండిపోతుంది.