గంధం రంగు చొక్కా మీద బోర్డో మరక

"ఆ చొక్కా ఉతికావా?"

"ఉతికాను. మరక పోలేదు."

"పోకపోతే పోనీ. ఉండనీ."

నాకూ మా ఆయనకీ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. ఆయన బూట్ల తాళ్ళు కట్టుకుంటూ అడిగారు. నేను స్టవ్ దగ్గర నుంచి తల కూడా తిప్పకుండా జవాబు చెప్పాను. తలుపు పడిన చప్పుడు విన్నాను. మధ్యాహ్నం గ్రోసరీ కొట్టు వాళ్ళు ఫోన్ చేశారు. ఆ కొట్టు వెనక వంటగదిలో మా ఆయన పప్పులూ వేపుళ్ళూ వండి డబ్బాల్లో సర్దేవారు. అక్కడే, పొయ్యి ముందే, గుండె ఆగిపోయిందట.

ఆఖరి మాట అంటే ఏదో గొప్పగా ఉంటుందనుకుంటారు జనం. నాకు మరక మిగిలింది.

నేను చెబుతుంటే ఇదంతా రాస్తున్నది నా తోడికోడలు, అంటే మా మరిది భార్య. నాకు సంతకం పెట్టడం వచ్చు. అక్షరం అక్షరం కూడబలుక్కుంటే బోర్డు మీద పేరు చదవగలను. అంతకు మించి రాదు. ముందు మరిది కూతుర్ని అడిగాను. "పెద్దమ్మా, నాకు తెలుగు రాయడం రాదు. నువ్వు మాట్లాడు, ఫోన్ రాస్తుంది" అంది. నా గొంతు విని ఫోన్‌కి కూడా భయం వేసినట్టుంది, సగం మాటలు మింగేసింది. అమెరికాలో, పార్సిప్పనీ ఊళ్ళో, ఈ ఇంట్లో తెలుగు చక్కగా రాయగలిగింది ఒక్క తోడికోడలే. ఎవరిని చూస్తే నాకు కడుపు మంటో, ఆవిడ చేతే ఆ మంట రాయించుకోవాల్సి వచ్చింది.

"అక్కా, ‘కడుపు మంట’ అనే రాయాలా?"

"దానికి ఇంకో మంచి పేరుంటే అదే రాయి."

ఆలోచించింది. కడుపు మంట అనే రాసింది.

పోయిన ఉగాదికి ఇక్కడి తెలుగువాళ్ళ పత్రికలో మా తోడికోడలి వ్యాసం పడింది. ఫ్రాన్స్‌లో బోర్డో అనే పాత ఊరికి వెళ్ళొచ్చిన ముచ్చట్లు. పక్కన ఫోటో. ఫోటోలో మా ఆయన, ఆవిడ, వెనక వైన్ పీపాలు. అందులో ఒక చోట, "నేను వేసిన జోకుకి మా బావగారు పగలబడి నవ్వి, వైన్ అంతా చొక్కా మీద ఒలకబోసుకున్నారు" అని ఉందని నాకు చదివి వినిపించారు. ఆ వ్యాసం మీలో చాలామంది చదివారు. ఇప్పుడు నాది కూడా చదవండి.

ఆ ప్రయాణానికి నేనూ వెళ్ళాల్సిన దాన్నే. మరిదికీ తోడికోడలికీ పెళ్ళయి పాతికేళ్ళయిందని, నలుగురం కలిసి వెళ్దామని మరిదే టికెట్లు బుక్ చేశాడు. వీసాల సంగతి మా మరిదికి నోటికి వచ్చు. ఆఫీస్‌లో కుర్రాళ్ళంతా అతన్నే అడుగుతారు, ఎవరి కాగితం ఎక్కడ ఆగిందో, ఎవరు దేశం దాటొచ్చో, ఎవరు దాటకూడదో. అలాంటివాడు, తనకీ తన వాళ్ళకీ అమెరికా పాస్‌పోర్ట్ వచ్చి ఎన్నో ఏళ్ళవడంతో, ఇండియా పాస్‌పోర్ట్ పట్టుకున్న మనిషికి ఫ్రాన్స్ వెళ్ళాలంటే వీసా కావాలన్న మాటే మర్చిపోయాడు. మా ఆయన పరీక్ష రాసి సిటిజన్ అయ్యారు. ఇంగ్లీషు రాక నేను ఆ పరీక్ష జోలికే పోలేదు. "వదినకి గ్రీన్ కార్డ్ ఉందిగా, ఏం ప్రాబ్లం లేదు" అన్నాడు మరిది.

ఎయిర్‌పోర్ట్‌లో కౌంటర్ దగ్గర అమ్మాయి నా పాస్‌పోర్ట్ పేజీలన్నీ తిప్పింది. మళ్ళీ మొదటి నుంచి తిప్పింది. నలుగురిలో నా పాస్‌పోర్ట్ ఒక్కటే వెనక్కి వచ్చింది. మరిది తల పట్టుకున్నాడు. తోడికోడలు, "అయ్యో అక్కా, అయ్యో అక్కా" అంటూ నిలబడింది. మా ఆయన నా మొహం చూశారు.

"మీరు వెళ్ళండి. నా కోసం ఆగొద్దు" అన్నాను.

పెళ్ళాం అలా అన్నప్పుడు ఏ మొగుడూ ఆ మాట వినకూడదు. ఈయన విన్నారు.

వాళ్ళు అక్కడ ఉన్నన్ని రోజులూ నా ఫోన్‌కి ఫోటోలు వస్తూనే ఉన్నాయి. ప్రతి ఫోటోలో ఆయన పక్కన తోడికోడలే. తీసేవాడు మరిది కాబట్టి పక్కన ఇంకెవరుంటారు? ఆ సంగతి నా బుర్రకి తెలుసు. కడుపుకి తెలియదు. ఒక ఫోటోలో మొహాలే పడ్డాయి, ఆయన నోరంతా తెరిచి నవ్వుతున్నారు. వెనకాల పళ్ళు రెండు ఊడిపోయాయని నాకు తెలుసు గానీ, అవి కనపడేంత నవ్వు నేనెప్పుడూ చూడలేదు.

ఇంటికి వచ్చాక, "ఎలా ఉంది?" అని అడిగాను.

"బాగానే ఉంది. నడక ఎక్కువ" అన్నారు.

అంతే. పెట్టె విప్పితే, నేను ఇస్త్రీ చేసి పెట్టిన గంధం రంగు చొక్కా ఒక కవర్లో చుట్టి ఉంది. మెడ దగ్గర నుంచి మూడో గుండీ దాకా నేరేడుపండు రంగు మరక. "ఇదేమిటి?" అంటే "వైను, ఒలికింది" అన్నారు. "ఎలా ఒలికింది?" అంటే "ఒలికింది, అంతే" అన్నారు. ఉప్పు రుద్దాను, నిమ్మచెక్క రుద్దాను, బేకింగ్ సోడాలో నానబెట్టాను. రంగు మారింది గానీ మరక కదల్లేదు. అప్పటికీ వదలకుండా ఉతుకుతూనే ఉన్నాను. ఎందుకంటే ఆ మరకలో నేను లేను.

ఆయన పోయాక మరిది వాళ్ళు నన్ను తమ ఇంటికే తీసుకొచ్చారు. మాకు పిల్లలు లేరు. కింద గది నాకిచ్చారు. బాగానే చూస్తారు, ఆ మాట కాదనను. కానీ ఇంటికి ఎవరొచ్చినా తోడికోడలు ఆ బోర్డో కథ ఎత్తుకుంటుంది. చెయ్యి గాల్లోకి ఎత్తి, ఆయన ఎలా ఒలకబోసుకున్నారో చూపిస్తుంది. వచ్చినవాళ్ళు నవ్వి, "ఆంటీ, అంకుల్ అంత సరదా మనిషా?" అని నన్ను అడుగుతారు. నాకు తెలియని నా మొగుడి గురించి నేను అవునని తల ఊపాలి. అదీ చాలక పత్రికలో వేయించింది.

ఆ పత్రిక వచ్చిన రోజే మరిదితో అన్నాను, "నేను ఆ ఊరు చూడాలి" అని. తప్పు తనదే కాబట్టి కిక్కురుమనకుండా ఈసారి తనే దగ్గరుండి వీసా పనంతా చూశాడు. న్యూయార్క్ తీసుకెళ్ళి వేలిముద్రలు ఇప్పించాడు. అతనికి సెలవు దొరకలేదు. నాకు భాష రాదు. తోడు ఎవరొస్తారు? తోడికోడలే.

బోర్డో అందమైన ఊరే. అబద్ధం చెప్పను. ఇళ్ళన్నీ ఒకటే రంగు రాయితో, కాచకముందు వెన్న రంగు. ఊరి పక్కన నది, కొత్తనీరు వచ్చినప్పటి గోదావరిలా బురద రంగులో పోతుంది. వీధుల్లో ట్రామ్ బండి చప్పుడు లేకుండా వచ్చి వెనకాల నిలబడుతుంది. పాత కోట గుమ్మం మీద రెండు బురుజుల మధ్య ఇంత గంట వేలాడుతుంది. చూడ్డానికి నాకు రెండు కళ్ళూ ఉన్నాయి. కానీ ఎక్కడికి వెళ్ళినా నా కంటే ముందు తోడికోడలి నోరు అక్కడికి చేరేది.

"బావగారు ఇదిగో ఇక్కడే నిలబడి గంట చూశారక్కా."

"సరే."

"ఈ బెంచీ మీదే కూర్చున్నారు."

"ఇంకెక్కడెక్కడ కూర్చున్నారో జెండాలు పాతి రాకపోయావా?"

నది ఒడ్డున పెద్ద మేడల ముందు నల్లరాతి మైదానం ఉంది. దాని మీద వేలెడు లోతు నీళ్ళు నిలబెడతారు. మేడలన్నీ అందులో తలకిందులుగా కనిపిస్తాయి. పిల్లలూ పెద్దలూ చెప్పులు చేత్తో పట్టుకుని అందులో నడుస్తున్నారు. బావగారు కూడా ప్యాంటు మడిచి అటు చివర దాకా నడిచారని చెప్పింది. నాకు ఒళ్ళు మండింది. పుష్కరాలకి రాజమండ్రి వెళ్ళినప్పుడు, రండి ఒక్క మునక వేద్దామంటే, సంచులు ఎవరు చూస్తారని గట్టు మీదే కూర్చున్న మనిషి! నేను చెప్పులు విప్పలేదు. చెప్పులతోనే ఆ నీళ్ళలో నడిచాను. ఎవరో ఏదో అన్నారు. నాకు భాష రాదు కదా.

ఆ ఊళ్ళో చిన్న చిన్న గోధుమరంగు కేకులు అమ్ముతారు, పైన మాడినట్టు ఉండి లోపల మెత్తగా ఉంటాయి. ఒకటి నా చేతిలో పెట్టి, "బావగారికి ఎంత నచ్చాయో. రెండు తిన్నారు" అంది.

"ఆయనకి షుగర్!"

"ఒక్కరోజే కదా అక్కా అని..."

"ఆ ఒక్కరోజూ నీ చేతికి దొరికారు."

మర్నాడు వ్యాన్‌లో ద్రాక్షతోటలకి తీసుకెళ్ళారు. వరస వరసకీ మొదట్లో ఒక గులాబీ మొక్క. నేలమాళిగలో పీపాలు బారులు తీరి ఉన్నాయి. చల్లగా, తడి గోనెసంచి వాసన. తోడికోడలు ఒక పీపా చూపించి, ఫోటోలో ఉన్నది ఇదే, బావగారు దీని మీద చెయ్యి వేశారంది. అన్నీ ఒకేలా ఉంటే ఈవిడకి ఎలా తెలిసింది? నేను దాని పక్క పీపా మీద చెయ్యి వేశాను.

ఆ తర్వాత పైన గదిలోకి తీసుకెళ్ళి బల్ల చుట్టూ నిలబెట్టారు. ఒక అమ్మాయి అందరి గ్లాసుల్లో కాస్త కాస్త వైన్ పోసింది. జనం గ్లాసు గిరగిరా తిప్పుతారు, ముక్కు లోపల పెట్టి వాసన చూస్తారు, నోట్లో పుక్కిలించి బల్ల మీద ఉన్న బిందెలాంటి దాంట్లో ఉమ్ముతారు. అందరికీ ఒకటే బిందె. ఒకరి ఎంగిలి మీద ఒకరు. తోడికోడలు కూడా పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అదే పని అన్నట్టు తిప్పి, వాసన చూసి, ఉమ్మింది.

ఇక్కడ మా ఇంటి అలవాటు ఒకటి చెప్పాలి. మా అత్తగారి దగ్గర గ్లాసుకి పెదవి తగలడానికి వీల్లేదు. నీళ్ళైనా మజ్జిగైనా ఎత్తి పోసుకోవాల్సిందే. మరిది హాస్టల్లో చదివి ఆ అలవాటు వదిలేశాడు. తోడికోడలికి అసలు అంటలేదు. మా ఆయనకీ నాకూ మాత్రం అమెరికా వచ్చినా పోలేదు. కొట్టులో కాఫీ అయినా, మరిది ఇచ్చిన బీర్ డబ్బా అయినా, ఆయన తల వెనక్కి వంచి ఎత్తే పోసుకునేవారు.

నేనూ ఆలోచించలేదు. చెయ్యి దానంతట అదే లేచింది. తల వెనక్కి వంచి గ్లాసు ఎత్తాను. మన స్టీల్ గ్లాసు అంచు బయటికి విచ్చుకుని ఉంటుంది, ధార మన మాట వింటుంది. ఆ వైన్ గ్లాసు కింద కుండలా ఉబ్బి, మూతి దగ్గర లోపలికి ముడుచుకుంటుంది. ఎంత వంచినా రాదు, రాదు, ఇంకొంచెం వంచితే ఉన్నదంతా ఒక్కసారి దూకుతుంది. నోట్లో చుక్క పడింది, వగరు. మిగిలిందంతా గడ్డం మీద, మెడ మీద, చీర మీద.

గదిలో అందరూ నన్నే చూస్తున్నారు. నేను తోడికోడల్ని చూశాను.

"ఇప్పుడు నన్నెవరు నవ్వించారే?" అన్నాను.

నా గొంతు సంగతి తెలుసుగా, ఆ రాతి గది మోగింది. తోడికోడలి మొహం పాలిపోయింది. కాగితపు రుమాళ్ళు తెచ్చి నా మెడ తుడవబోతే చెయ్యి తోసేశాను. నాకు తెలిసిపోయింది. ఏ జోకూ లేదు, ఏమీ లేదు. మా అత్తగారి అలవాటు, ఆ మూతి ముడుచుకున్న గ్లాసు, అంతే. ఆ మరక నా ఇంటి మరక. ఇన్నాళ్ళూ ఆవిడ తనదని నలుగురికీ చూపించుకు తిరిగింది.

బయట గోడ నీడన కూర్చున్నాక అప్పుడు నోరు విప్పింది.

"నేను నవ్వించలేదక్కా. ఒలికాకే ఆయన నవ్వారు. చొక్కా చూసుకుని, ‘మీ అక్క ఇక్కడ లేదు కాబట్టి బతికిపోయాను. ఇంటికెళ్ళాక ఉంది నా పని’ అని నవ్వారు. అప్పుడు తీసిందే, నీకు పంపిన ఆ నవ్వు ఫోటో."

"మరి పత్రికలో నీ జోకని ఎందుకు రాశావు?"

"ప్రతి చోటా నీ మాటే అక్కా. నీళ్ళలో నడుస్తుంటే మీ అక్క ఉంటే, కేకు తింటుంటే మీ అక్క ఉంటే. నా పెళ్ళిరోజు కోసం వెళ్ళాం. ఫోటోలు తీయడం తప్పిస్తే మీ మరిది ఫోన్ నుంచి తల ఎత్తలేదు, ఆఫీస్ కాల్స్. ఒక్క నవ్వయినా నా వల్ల వచ్చిందని ఉంటే బాగుండుననిపించింది."

జాలి పడ్డానని అనుకుంటారేమో. పడలేదు. ప్రతి చోటా అన్నారట. నాతో ఒక్కసారి అనొచ్చుగా? నాతో మాత్రం "బాగానే ఉంది, నడక ఎక్కువ." నా గురించి అన్న మాటలు కూడా నా చెవిలో పడకుండా ఈవిడ చెవిలో పడ్డాయి. ఆ మాటలన్నీ ఈవిడ దగ్గరే ఉన్నాయి. ఒక్కొక్కటీ అడిగి తీసుకోవాలి నేను, చేబదులు పంచదార అడిగినట్టు.

ఆ చీర ఉతకలేదు. చొక్కాతో పాటు మడిచి పెట్టాను.

ఇప్పుడు రాస్తూ రాస్తూ తోడికోడలు కలం ఆపింది. "పేరు లేకపోయినా అందరికీ నేనని తెలిసిపోతుందక్కా" అంటోంది. తెలియనీ. నీ వ్యాసంలో నన్ను ఎయిర్‌పోర్ట్‌లోనే వదిలేశావుగా.

సరే, కలం కింద పెట్టు. మొదటి నుంచి అంతా నాకు చదివి వినిపించు. నువ్వు ఏదైనా మెత్తబరచి రాశావేమో నాకు తెలియాలి. మిగతాదంతా ఎలాగైనా చదువు గానీ, చొక్కా చూసుకుని ఆయన అన్న మాట దగ్గర మాత్రం గొంతు తగ్గించకు. ఆయన ఎలా అన్నారో అలాగే, గట్టిగా చదువు.